వరద హెచ్చరిక ఆఫ్, ఓటీపీ ఆన్: మీ ఇంట్లో వాళ్ల ఫోన్ ఒకసారి తీసి చూడండి

పోయిన వానాకాలంలో ఆలంపూర్ వెళ్లినప్పుడు మా అవ్వ తన ఫోన్ నా చేతికిచ్చింది. "ఇది ఊకె స్లో అయితుంది, జర చూడురా నాయనా" అంది. బీటెక్ చదివిన మనవడు ఉన్న ప్రతి ఇంట్లో ఇది మామూలే. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే ఫోన్ రిపేర్ కూడా వచ్చి తీరాలి. ఫోన్ మూడేళ్ల కిందటి బడ్జెట్ ఆండ్రాయిడ్. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఈ కథ మీ ఇంట్లో ఏ ఫోన్‌తో అయినా జరగొచ్చు.

ఫోన్ చేతిలో ఉండగానే టింగ్ మంది. బ్యాంకు నుంచి ఓటీపీ. మా మామ పక్క గదిలో కూర్చుని అవ్వ కార్డుతో ఏదో బిల్లు కడుతున్నాడు. నేను లాక్ తీయలేదు, వేలు కూడా పెట్టలేదు. ఆరు అంకెలూ లాక్ స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తున్నాయి. ఫోన్ వెనక కవర్ కాస్త ఉబ్బినట్టుంటే తీసి చూశా. లోపల ఏటీఎం కార్డు!

తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లా. ఎమర్జెన్సీ అలర్ట్స్ పేజీలో అన్నీ ఆఫ్. ఎవరు ఆఫ్ చేశారని అడిగితే అవ్వ చెప్పింది: "అప్పుడొకసారి గయ్యిమని కూసింది గదా, గుండె ఆగినంత పనైంది. బస్టాండు కాడ ఫోన్ల షాపు పిల్లగాడికిస్తే ఇంకెప్పుడూ కూయకుండా చేసిండు."

అంటే పరిస్థితి ఇది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు లాక్ ఉన్నా సరే తెర మీదికి రావాల్సిన మెసేజ్ రాదు. డబ్బు మీదికి తెచ్చే మెసేజ్ మాత్రం దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. రెండు సెట్టింగ్స్, రెండూ తలకిందులు. హైదరాబాద్ తిరిగొచ్చాక మా రూమ్మేట్స్ ఫోన్లు, ఆఫీసులో నాలుగు ఫోన్లు చూశా. సగానికి పైగా ఇదే కథ. అందుకే ఈ ఆర్టికల్.

ఆ "కూత" అసలేంటి?

2023లో కేంద్ర టెలికాం శాఖ దేశమంతా విడతలు విడతలుగా టెస్ట్ అలర్ట్‌లు పంపింది. జూలై 20న కొందరికి, ఆగస్టు 17న ఇంకొందరికి, ఆ తర్వాత కూడా వచ్చాయి. సైలెంట్‌లో పెట్టిన ఫోన్లు కూడా పెద్ద శబ్దంతో మోగాయి. మెసేజ్‌లో ఉన్నది ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోవద్దు అని. కానీ ఆ శబ్దానికి భయపడ్డవాళ్లు మెసేజ్ చదవలేదు, నేరుగా ఆఫ్ చేయించుకున్నారు.

దీని వెనక ఉన్న టెక్నాలజీ పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది ఎస్సెమ్మెస్ కాదు. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబర్‌కి విడిగా వెళ్తుంది, లక్ష మందికి పంపాలంటే లక్ష సార్లు పంపాలి. నెట్‌వర్క్ జామ్ అయితే గంటల తర్వాత వస్తుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ ఒక్కసారి మెసేజ్‌ని గాల్లోకి వదులుతుంది, ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి అందుకుంటాయి. ఊళ్లో దండోరా వేసినట్టన్నమాట. మీ నంబర్ ఎవరికీ తెలియనక్కర్లేదు, డేటా ఆన్‌లో ఉండక్కర్లేదు, బ్యాలెన్స్ లేకపోయినా ఫర్వాలేదు.

ఇది కొత్తదేం కాదు. పాత నోకియా ఫోన్లు వాడినవాళ్లని అడగండి. తెర మీద ఆపరేటర్ పేరు కింద మీరున్న ఏరియా పేరు వచ్చేది. అది కూడా సెల్ బ్రాడ్‌కాస్టే, 50వ ఛానల్. మా మామ ఇప్పటికీ చెప్తాడు: "నది ఒడ్డుకు పోతే నా ఫోన్ల ఊరి పేరు మారిపోయేది అల్లుడూ." ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఆలంపూర్‌లో ఇది జోక్ ఎందుకు కాదంటే

ఆలంపూర్ తుంగభద్ర ఒడ్డున ఉంది. కాస్త కిందికి వెళ్తే తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, ఆ కింద శ్రీశైలం రిజర్వాయర్. 2009 సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో రెండు నదులూ ఒకేసారి పొంగాయి. శ్రీశైలం డ్యాం తట్టుకునేలా కట్టింది 19 లక్షల క్యూసెక్కులకి అయితే, అప్పుడు వచ్చిన వరద దాదాపు 25 లక్షలు. నీళ్లు వెనక్కి తన్నాయి. అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. ఆలంపూర్ మునిగింది, గుళ్లలోకి నీళ్లొచ్చాయి.

ఆ రాత్రి అవ్వకి ఎవరు చెప్పారు? పక్కింటివాళ్లు తలుపు బాదారు. అంతే. ఇంట్లో ఒక కీప్యాడ్ ఫోన్ ఉండేది, కర్నూలులో చుట్టాలకి కలపబోతే లైన్ దొరకలేదట. అవ్వ ఇప్పటికీ ఆ రాత్రి గురించి మాట్లాడితే మొదట చెప్పేది నీళ్ల గురించి కాదు, తలుపు చప్పుడు గురించి.

ఇప్పుడు అదే తలుపు చప్పుడు చేయగల యంత్రం అవ్వ దిండు కింద ఉంటుంది. దాన్నే మనం మ్యూట్ చేయించాం.

సిగ్నల్: గుడి, గోడ, నది

అలర్ట్ రావాలంటే ముందు టవర్ అందాలి. అవ్వ ఇంట్లో సిగ్నల్ ఎంత ఉందో చూశా. గీతలు లెక్కపెట్టకండి, ఒక్కో కంపెనీ ఆ గీతల్ని ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ అని డీబీఎంలో నంబర్ ఉంటుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయండి. నంబర్ మైనస్‌లో ఉంటుంది. 4జీలో మైనస్ 90 అంటే బాగున్నట్టు, మైనస్ 110 అంటే కష్టం, మైనస్ 120 దగ్గర దాదాపు పోయినట్టే. మందపాటి రాతి గోడలున్న అవ్వ గదిలో మైనస్ 117. అదే మిద్దె మీదికెక్కితే మైనస్ 93.

ఊళ్లో టవర్ ఇంకా దగ్గరగా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఆలంపూర్‌లో అది అంత తేలిక కాదు. బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు. 2010లో సవరించిన చట్టం ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. పదమూడు వందల ఏళ్ల నాటి శిఖరం పక్కన ఇనుప టవర్ ఉండకూడదనే నేనూ అంటా. కానీ ఆ చుట్టుపక్కల ఇళ్లకి సిగ్నల్ దూరం నుంచే రావాలి అనేది కూడా నిజం.

దూరం నుంచి వచ్చే సిగ్నల్‌కి ఫ్రీక్వెన్సీ ముఖ్యం. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కువ దూరం వెళ్తాయి, గోడలు కూడా కాస్త బాగా దాటుతాయి. 2300, 3300 లాంటివి స్పీడ్ ఇస్తాయి కానీ గోడ దగ్గరే నీరసపడతాయి. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది జియో ఒక్కటే, దాన్ని 5జీకి వాడుతోంది. ఫోన్‌లో దీనికి ఎన్28 బ్యాండ్ ఉండాలి. 4జీలో జియో 850కి బ్యాండ్ 5, ఎయిర్‌టెల్ 900కి బ్యాండ్ 8. ఊళ్లో ఉండేవాళ్లకి ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెల్ కంటే ముందు స్పెక్ షీట్‌లో ఈ మూడూ వెతకండి.

ఇప్పుడు మామ చెప్పిన ముక్క. నదికి అవతల ఆంధ్రప్రదేశ్. మధ్యలో అడ్డం ఏమీ లేదు, నీళ్లూ ఇసుకే. ఒడ్డున నిలబడితే ఫోన్ అవతలి గట్టు టవర్‌ని పట్టుకోవచ్చు. టెలికాం లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి రోమింగ్ గుర్తు కూడా రాదు, మీకు తెలియదు. అలర్ట్ మాత్రం టవర్‌ని బట్టి వస్తుంది. అంటే ఆలంపూర్‌లో కూర్చున్న మీకు కర్నూలు వైపు హెచ్చరిక రావచ్చు. "మన జిల్లా కాదులే" అని కొట్టిపారేయకండి. నది ఒక్కటే.

ఇంకో మాట. మామ ఇంట్లో వైఫై కాలింగ్ పెట్టుకున్నాడు, కాల్స్ స్పష్టంగా వస్తున్నాయి. అది చూసి సిగ్నల్ సమస్య తీరిపోయింది అనుకుంటున్నాడు. కాల్స్‌కి తీరింది. సెల్ బ్రాడ్‌కాస్ట్ టవర్ నుంచే రావాలి, రూటర్ నుంచి రాదు. అందుకే అవ్వ ఫోన్ పెట్టే చోటు మార్చాం. రాత్రిపూట చార్జింగ్ లోపలి గదిలో కాదు, వసారా కిటికీ దగ్గర. అక్కడ మైనస్ 101. ఖర్చు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్.

అప్‌డేట్: భయం పూర్తిగా తప్పేం కాదు, కానీ

అవ్వ ఫోన్‌లో అప్‌డేట్ నాలుగు నెలలుగా పెండింగ్. స్టోరేజ్ లేదు, సిగ్నల్ లేని గదిలో డౌన్‌లోడ్ రెండు శాతం దగ్గర ఆగిపోతోంది, పైగా మామ చెయ్యనివ్వడం లేదు. "అప్‌డేట్ కొడితే ఫోన్ పాడైతది అల్లుడూ, మా దోస్తుది అట్లనే అయింది."

ఈ భయాన్ని నవ్వి తీసేయలేం. పాతబడ్డ బ్యాటరీలున్న ఐఫోన్లని సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేశామని ఆపిల్ 2017లో స్వయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏకి గూగుల్ పంపిన అప్‌డేట్ కొన్ని ఫోన్లలో బ్యాటరీ కెపాసిటీని తగ్గించింది. కానీ రెండోవైపు కూడా చూడాలి. 2022 అక్టోబర్ 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు, 5జీ హార్డ్‌వేర్ ఉన్న ఐఫోన్లకి కూడా మన నెట్‌వర్క్‌లలో 5జీ రాలేదు. డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చాకే వచ్చింది. అంటే సిగ్నల్ అనేది టవర్ చేతిలోనే కాదు, అప్‌డేట్ చేతిలో కూడా ఉంది.

అప్‌డేట్ అంటే ఒకటే అనుకుంటాం. ఆండ్రాయిడ్‌లో మూడు రకాలు.

మొదటిది వెర్షన్ అప్‌డేట్. ఇంటర్‌ఫేస్ మారేది, ఎక్కువ సైజు ఉండేది, భయపడేది దీనికే. రెండోది సెక్యూరిటీ ప్యాచ్. మూడోది గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్. ఇది ఫోన్ కంపెనీ నుంచి కాదు, గూగుల్ నుంచి నేరుగా వస్తుంది, సైజు తక్కువ. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇలా విడిగా అప్‌డేట్ అయ్యే భాగాల్లో సెల్ బ్రాడ్‌కాస్ట్ మాడ్యూల్ కూడా ఉంది. అంటే కంపెనీ మీ ఫోన్‌ని వదిలేసినా, వరద హెచ్చరికని తెర మీద చూపించే ఆ భాగం మాత్రం చాలా ఫోన్లలో ఇంకా అప్‌డేట్ అవుతుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ లేదా అబౌట్ ఫోన్ పేజీలో ఉంటుంది, దొరక్కపోతే సెర్చ్‌లో టైప్ చేయండి. మామకి ఇది చెప్పాక ఒప్పందం కుదిరింది. వెర్షన్ అప్‌డేట్ వస్తే పది రోజులు ఆగి, మిగతావాళ్లు ఏమంటున్నారో చూసి చేద్దాం. మిగతా రెండూ వచ్చిన వెంటనే.

కొత్త ఫోన్ కొనేవాళ్లు మాత్రం ఎన్నేళ్ల అప్‌డేట్స్ అని అడిగి కొనండి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 ఏడేళ్లు అన్నాయి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కనీసం ఐదేళ్లు ఇవ్వాలని నిబంధనే ఉంది. అమ్మా నాన్నలకి కొనే ఫోన్ మనం రెండేళ్లకి మార్చే ఫోన్ కాదు. పగిలేదాకా వాడతారు. అసలు ఎక్కువ ఏళ్ల అప్‌డేట్స్ కావాల్సింది వాళ్లకే.

లాక్ స్క్రీన్: ఏది దాచాలి, ఏది చూపాలి

లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్స్ ఆండ్రాయిడ్ 5.0తో 2014లో వచ్చాయి. అప్పుడే సున్నితమైన వివరాలు దాచే ఆప్షన్ కూడా ఇచ్చారు. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో మొదటి నుంచీ మీ ముఖం చూశాకే మెసేజ్ కనిపిస్తుంది. చాలా బడ్జెట్ ఆండ్రాయిడ్‌లలో మాత్రం మనమే వెళ్లి ఆన్ చేయాలి. యాప్‌లు రాసేవాడిగా ఒకటి చెప్తా: డిఫాల్ట్‌గా ఏది పెడితే చాలామంది దగ్గర అదే ఉండిపోతుంది. ఆ సంగతి మాకు బాగా తెలుసు.

నేను హీరోలా వెళ్లి మొత్తం హైడ్ పెట్టేశా. సాయంత్రానికి అవ్వ నుంచి కంప్లయింట్. "ఏం మెసేజ్ వచ్చిందో కనబడ్తలేదురా." లాక్ తీసి చూడొచ్చు కదా అన్నా. అవ్వ వేళ్లు చూపించింది. ఏళ్ల తరబడి పొలం పని చేసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఫింగర్‌ప్రింట్ పట్టదు. ప్యాటర్న్ నాలుగుసార్లు తప్పుతుంది. అందుకే తను లాక్ స్క్రీన్ మీదే వాట్సాప్ చదువుకుంటుంది. బెంగళూరులో ఉన్న మా చెల్లి పంపే మెసేజ్‌లు తనకి అలాగే చేరతాయి. నా ప్రైవసీ సెట్టింగ్ దాన్ని కట్ చేసింది.

మనలాంటివాళ్లం చేసే తప్పు ఇదే. సేఫ్ అంటే అన్నీ మూసేయడం అనుకుంటాం. ఆండ్రాయిడ్‌లో యాప్‌కి విడివిడిగా పెట్టొచ్చు. ఎస్సెమ్మెస్ యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లాక్ స్క్రీన్ దగ్గర కంటెంట్ దాచమని పెట్టా. బ్యాంకు యాప్‌లకి కూడా. వాట్సాప్‌ని మాత్రం వదిలేశా. ఓటీపీ దాగింది, మనవరాలి మెసేజ్ కనిపిస్తోంది.

దాచడంతో పాటు చూపించాల్సినవి కూడా ఉన్నాయి. అవ్వకి షుగర్ ఉంది. ఫోన్‌లో ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, ఐఫోన్‌లో మెడికల్ ఐడీ. బ్లడ్ గ్రూప్, వాడే మందులు, మామ నంబర్ అందులో నింపా. లాక్ తీయకుండా ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఎవరైనా చూడగలరు. బజారులో కళ్లు తిరిగి పడిపోతే అది పనికొస్తుంది.

సిమ్ లాక్: పెట్టాలా, వద్దా?

ఓటీపీ లాక్ స్క్రీన్ మీద దాచినంత మాత్రాన పని అయిపోలేదు. దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి. కవర్‌లో ఏటీఎం కార్డు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కార్డు వివరాలూ ఓటీపీ రెండూ ఒకే చోట దొరికినట్టే. దీనికి మందు సిమ్ పిన్. సిమ్ కొత్త ఫోన్‌లో వేసినా, ఫోన్ రీస్టార్ట్ అయినా పిన్ అడుగుతుంది. ముందు మీ ఆపరేటర్ డిఫాల్ట్ పిన్ ఎంతో కనుక్కోండి, ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పితే పీయూకే అడుగుతుంది, పీయూకే పదిసార్లు తప్పితే సిమ్ చచ్చినట్టే.

ఇందులో ఒక చిక్కుంది. రాత్రి ఫోన్ ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయ్యి రీస్టార్ట్ అయిందనుకోండి. సిమ్ పిన్ కొట్టేదాకా కాల్స్ రావు, మెసేజ్‌లు రావు. అవ్వ నిద్రపోతోంది, నది పొంగుతోంది, మామ కాల్ చేస్తే స్విచాఫ్ అని వస్తుంది. అందుకని నా ఫోన్‌కీ మామ ఫోన్‌కీ సిమ్ పిన్ పెట్టా, రాత్రి ఆటో రీస్టార్ట్ ఆపేశా. అవ్వ ఫోన్‌కి పెట్టలేదు. దానికి బదులు ఏటీఎం కార్డు కవర్‌లోంచి తీసి బీరువాలో పెట్టించా. పర్ఫెక్ట్ సెక్యూరిటీ కాదని తెలుసు. అవ్వకి సరిపోయే సెక్యూరిటీ అది.

ఈసారి ఇంటికి వెళ్తే పది నిమిషాలు

1. సెట్టింగ్స్ సెర్చ్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ అని కొట్టండి. ఐఫోన్‌లో నోటిఫికేషన్స్ పేజీ అడుగున చూడండి. తీవ్రమైన హెచ్చరికలు అన్నీ ఆన్ చేయండి. శబ్దానికి భయపడేవాళ్లకి టెస్ట్ అలర్ట్ ఒక్కటే ఆఫ్ చేయండి. షాపు పిల్లగాడు చేయాల్సింది కూడా అంతే.
2. రాత్రి ఫోన్ పెట్టే చోట డీబీఎం చూడండి. మైనస్ 110 దాటితే చోటు మార్చండి.
3. గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్, సెక్యూరిటీ ప్యాచ్ పూర్తి చేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ లిస్ట్ అంతా మళ్లీ ఒకసారి చూడండి.
4. ఎస్సెమ్మెస్, బ్యాంకు యాప్‌లకి లాక్ స్క్రీన్ మీద కంటెంట్ దాచండి. మిగతావి వాళ్లని అడిగి పెట్టండి.
5. ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ నింపండి.
6. కవర్‌లోంచి కార్డు తీయించండి. ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయొచ్చు, డబ్బు పోతే 1930కి వెంటనే కాల్ చేయాలి. ఈ రెండూ ఫోన్‌లో కాదు, గోడ మీద క్యాలెండర్‌పై రాసిపెట్టండి. ఫోన్ పోయాక ఫోన్‌లో చూడలేరు కదా.

బస్సెక్కే ముందు అవ్వ మళ్లీ అడిగింది. "ఇప్పుడు అది మళ్లీ కూస్తదా?"

"ఊకె కూయదవ్వా. కూసిందంటే మాత్రం మామని లేపు."

అవ్వ ఒక నిమిషం ఫోన్ వైపు చూసింది. "అట్లయితే కూయనీ" అని, చార్జర్ పట్టుకుని వసారా కిటికీ దగ్గరికి నడిచింది.